పెర్ఫార్మెన్స్ కార్ల మార్పులు, డీలర్ వారంటీ

కొన్న కారు ఇంకా వేగంగా దూసుకుపోవాలని, మలుపుల్లో రోడ్డును గట్టిగా పట్టుకోవాలని, సైలెన్సర్ మోత గంభీరంగా ఉండాలని యజమానులు రకరకాల మార్పులు చేయిస్తారు. ఆ మార్పులకూ, కారు మీద కంపెనీ ఇచ్చిన వారంటీకీ మధ్య పేచీ మోటారు ప్రపంచంలో దశాబ్దాలుగా నడుస్తోంది. ఈ విషయంలో అమెరికాకు అర్ధ శతాబ్దపు చట్ట చరిత్ర ఉంది. అందుకే ఈ వ్యాసం ఎక్కువగా ఆ దేశం చుట్టూ తిరిగి, చివరి భాగాల్లో భారతదేశానికీ వస్తుంది.

ఈ పేచీ చుట్టూ రెండు నమ్మకాలు పాతుకుపోయాయి. బయటి పార్టు ఒక్కటి బిగించినా వారంటీ మొత్తం పోతుందనేది మొదటిది. చట్టం అండగా ఉంది కాబట్టి ఏం మార్చినా కంపెనీ బాగుచేసి తీరాలనేది రెండోది. రెండూ తప్పే. చెడిన భాగం ఏది, అది ఎందుకు చెడింది, ఆ కారణాన్ని ఎవరు రుజువు చేయగలరు అన్న మూడు ప్రశ్నల మీదే ప్రతి వివాదమూ తేలుతుంది. మూడో ప్రశ్నను యజమానులు చాలా తేలిగ్గా తీసుకుంటారు. అసలు పోరు నడిచేది అక్కడే.

వారంటీలో ఏముంటుంది

అమెరికాలో కొత్త కారుతో పాటు ఒకటి కాదు, నాలుగైదు వారంటీలు వస్తాయి. దాదాపు కారు మొత్తానికీ వర్తించే ప్రాథమిక వారంటీ చాలా కంపెనీలలో 3 ఏళ్లు లేదా 36,000 మైళ్లు. బీఎండబ్ల్యూలో 4 ఏళ్లు లేదా 50,000 మైళ్లు. ఇంజన్, గేరుబాక్సు, యాక్సిళ్లకు విడిగా పవర్‌ట్రెయిన్ వారంటీ ఉంటుంది. ఫోర్డ్, షెవ్రొలే దాన్ని 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లకు ఇస్తాయి. తుప్పుకు మరొకటి. ఇవి కాక, పొగను అదుపుచేసే ముఖ్య భాగాలైన క్యాటలిటిక్ కన్వర్టర్, ఇంజన్ కంప్యూటర్ వంటివాటికి ఫెడరల్ చట్టమే 8 ఏళ్లు లేదా 80,000 మైళ్ల వారంటీని తప్పనిసరి చేసింది.

వీటన్నిటిలోనూ కంపెనీ పూచీపడేది సామగ్రిలో గానీ పనితనంలో గానీ ఉన్న లోపానికే. అరుగుదల, నిర్లక్ష్యం, ప్రమాదం, పందేలు, మార్పుల వల్ల వచ్చిన నష్టాన్ని వారంటీ పుస్తకంలోనే మినహాయిస్తారు. ఒక భాగం మీద తగాదా వచ్చినంత మాత్రాన మిగతా భాగాల వారంటీ కదలదు. పొట్టి స్ప్రింగులు బిగించిన కారులో ఏసీ కంప్రెసర్ చెడితే ఆ రెంటికీ సంబంధం లేదు. ఏ మంచి డీలరూ ఆ కంప్రెసర్ మార్చడానికి అభ్యంతరం చెప్పడు.

డీలర్లే మార్చి అమ్మిన రోజులు

క్రైస్లర్ కంపెనీ 1963 మోడళ్ల మీద ఇంజన్, గేరుబాక్సు, వెనక యాక్సిల్‌కు 5 ఏళ్లు లేదా 50,000 మైళ్ల వారంటీ ప్రకటించి అమెరికా మార్కెట్‌లో కలకలం రేపింది. అదే ఏడాది, పందెపు పార్టులు తయారుచేసే చిన్న కంపెనీలు కొన్ని కలిసి సెమా అనే సంఘం పెట్టుకున్నాయి. మొదట్లో అది స్పీడ్ ఎక్విప్‌మెంట్ మాన్యుఫాక్చరర్స్ అసోసియేషన్, ఇప్పుడు స్పెషాలిటీ ఎక్విప్‌మెంట్ మార్కెట్ అసోసియేషన్. ఏటా నవంబరు ప్రాంతంలో లాస్ వేగాస్‌లో ఆ సంఘం జరిపే ప్రదర్శన ఈ వ్యాపారానికి పెద్ద జాతర. సుదీర్ఘ వారంటీ ఇచ్చే కంపెనీలు ఒకవైపు, ఆ కార్లకు పార్టులు అమ్మే పరిశ్రమ మరోవైపు ఒకే కాలంలో పెరిగాయి. రాపిడి సహజంగానే మొదలైంది.

ఆ రోజుల్లో డీలర్లే స్వయంగా కార్లు మార్చి అమ్మేవారు. పెన్సిల్వేనియాలోని కానన్స్‌బర్గ్‌లో షెవ్రొలే డీలర్, పందెగాడు అయిన డాన్ యెంకో 1967లో కమారోలలోని ఇంజన్లు తీసేసి, కార్వెట్‌లో వచ్చే 427 ఘనపుటంగుళాల ఇంజన్లు, అంటే దాదాపు 7 లీటర్లవి, బిగించి అమ్మాడు. ఆ తరగతి కారులో అంత పెద్ద ఇంజన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్‌కు సొంత నియమం ఉండేది. అయితే తన షెడ్డులో మార్చిన ఇంజన్‌కు పూచీ ఎవరిది? ఆ భారం డీలరు మీదే పడేది. 1969కి యెంకో దారి మార్చాడు. టాక్సీలు, పోలీసు బండ్ల వంటి ప్రత్యేక ఆర్డర్ల కోసం ఉన్న కోపో పద్ధతిని వాడుకుని, 427 ఇంజన్‌ను ఫ్యాక్టరీలోనే బిగించేలా షెవ్రొలేను ఒప్పించాడు. ఇంజన్ ఫ్యాక్టరీది అయింది కాబట్టి వారంటీ కూడా ఫ్యాక్టరీదే అయింది. ఈ వ్యవహారంలోని కిటుకంతా యెంకోకు అప్పుడే అర్థమైందని చెప్పాలి.

1987 నుంచి 1991 దాకా రీవ్స్ కాలవే తయారుచేసిన జంట టర్బోల కార్వెట్‌దీ ఇంచుమించు ఇదే కథ. కొనేవాళ్లు షెవ్రొలే డీలర్ దగ్గరే బీ2కే అనే ఆప్షన్ కోడ్‌తో ఆర్డర్ ఇచ్చేవారు. కారు ఫ్యాక్టరీ నుంచి కనెటికట్‌లోని కాలవే షెడ్డుకు వెళ్లి, అక్కడ టర్బోలు బిగించుకుని వచ్చేది.

1975 నాటి చట్టం

వాషింగ్టన్ రాష్ట్ర సెనేటర్ వారెన్ మాగ్నసన్, కాలిఫోర్నియా ప్రతినిధి జాన్ మాస్ పేర్లతో వచ్చిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం మీద అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ 1975 జనవరి 4న సంతకం చేశాడు. ఇది కార్ల కోసం పుట్టిన చట్టం కాదు. ఇంట్లో వాడే వస్తువులన్నిటి వారంటీలకూ వర్తిస్తుంది. అమలు బాధ్యత ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌ది.

కార్లు మార్చేవాళ్లు పదే పదే ఎత్తిచూపేది ఇందులోని ఒక నిబంధననే. వారంటీ నిలవాలంటే ఫలానా బ్రాండు పార్టే వాడాలి, ఫలానా చోటే సర్వీసు చేయించాలి అని కంపెనీ షరతు పెట్టకూడదు. ఆ పార్టును గానీ సర్వీసును గానీ ఉచితంగా ఇస్తేనో, ఆ పార్టు లేకపోతే వస్తువు సరిగా పనిచేయదని నిరూపించి కమిషన్ దగ్గర మినహాయింపు తెచ్చుకుంటేనో తప్ప ఆ షరతు చెల్లదు. బయటి ఆయిల్ ఫిల్టర్ వాడినందుకు వారంటీ రద్దు అనడం అందుకే చట్టవిరుద్ధం.

దీనికి కమిషన్ రాసుకున్న వివరణలో మరో సగం ఉంది. బయటి పార్టు వల్ల గానీ బయటి పని వల్ల గానీ వచ్చిన నష్టాన్ని వారంటీ నుంచి మినహాయించే హక్కు కంపెనీకి ఉంది. నష్టం వాటివల్లే జరిగిందని చూపించగలిగితే క్లెయిమును తిరస్కరించవచ్చు. అంటే రుజువు భారం కంపెనీదే, నిజమే. అయితే విరిగిన పిస్టన్ ఫోటో, ఇంజన్ కంప్యూటర్‌లో బయటి ప్రోగ్రాం ఆనవాలు రెండూ చేతిలో ఉంటే ఆ భారం మోయడం కంపెనీకి కష్టమేమీ కాదు. చట్టంలో మొదటి సగాన్ని మాత్రమే చదివి సర్వీస్ కౌంటర్ దగ్గర వాదనకు దిగేవాళ్లు చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

ఈ చట్టం కాగితాలకే పరిమితం కాలేదు. తన మినీ బ్రాండు కార్లకు మినీ పార్టులే వాడాలి, మినీ డీలర్ల దగ్గరే పని చేయించాలి, లేకపోతే వారంటీ పోతుందని యజమానులకు చెప్పినందుకు బీఎండబ్ల్యూ అమెరికా విభాగం మీద కమిషన్ 2015 మార్చిలో చర్య తీసుకుంది. 2018 ఏప్రిల్‌లో ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. వాటిలో హ్యుందాయ్ ఒకటి. 2022 జూన్‌లో హార్లీ-డేవిడ్‌సన్ మీదా ఇలాంటి కేసే పెట్టి, బయటి పార్టులు వాడితే, బయటి మెకానిక్ దగ్గర పని చేయిస్తే వారంటీ రద్దు కాదని ఆ కంపెనీ తన వారంటీలోనే రాసేలా చేసింది.

గెలిచిన వినియోగదారుకు లాయరు ఖర్చులు కూడా ఇప్పించే వీలు ఈ చట్టంలో ఉంది. సామాన్యుడు పెద్ద కంపెనీ మీద కేసు వేయగలిగే ధైర్యం చాలావరకు దానివల్లే వచ్చింది. దానికి తోడు, పదే పదే రిపేరుకొచ్చే కొత్త కారును కంపెనీ వెనక్కి తీసుకోవాలనే లెమన్ చట్టాలు 1982లో కనెటికట్‌తో మొదలై రాష్ట్రాలన్నిటికీ పాకాయి. అవి మార్చిన కారుకు అంతగా పనికిరావు. లోపం యజమాని చేసిన మార్పు వల్ల వచ్చిందని తేలితే అవి వర్తించవు.

ఏ మార్పు ఎక్కడ తగులుతుంది

చక్రాలు, టైర్లు, బ్రేకు ప్యాడ్లు, క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాతి సైలెన్సర్ పైపు వంటివి మార్చినందుకు వారంటీ గొడవలు తక్కువ. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మార్చితే వాటిని పట్టుకుని ఉండే బుష్‌లు, బాల్ జాయింట్లు, యాక్సిల్ షాఫ్టుల విషయంలో ప్రశ్న వస్తుంది. గాలి పీల్చుకునే గొట్టం మార్చినా ఒక సూక్ష్మమైన ఇబ్బంది ఉంది. గాలి ఎంత వస్తోందో కొలిచే సెన్సర్ పాత గొట్టం వ్యాసానికి లెక్కగట్టి ఉంటుంది. కొత్త గొట్టంలో ఆ లెక్క తప్పితే ఇంజన్‌కు పెట్రోలు తక్కువ అందుతుంది.

అసలైన పేచీ ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చడంతో వస్తుంది. దీన్నే ట్యూన్ అనీ, మనదేశంలో రీమ్యాప్ అనీ అంటారు. టర్బో ఇంజన్‌లో గాలి ఒత్తిడి ఎంత ఉండాలో, నిప్పురవ్వ ఏ క్షణాన పడాలో, పెట్రోలు ఎంత చిమ్మాలో అన్నీ సాఫ్ట్‌వేర్‌లో అంకెలే. నాసి పెట్రోలు, మండే ఎండ, కొండదారి, నిర్లక్ష్యంగా నడిపే డ్రైవరు అన్నీ ఒకేసారి ఎదురైనా ఇంజన్ తట్టుకునేలా ఫ్యాక్టరీ ఇంజనీర్లు కొంత వెసులుబాటు వదులుతారు. ట్యూనర్ అమ్మేది ఆ వెసులుబాటునే. కారులో ఒక్క బోల్టు కూడా విప్పకుండా టర్బో ఇంజన్ శక్తిని నాలుగో వంతు దాకా పెంచడం మామూలు విషయం. స్టేజ్ 1, స్టేజ్ 2 అనే పేర్లకు ఎక్కడా అధికారిక ప్రమాణం లేదు. ఒక షాపు స్టేజ్ 2 మరో షాపు స్టేజ్ 2తో కలవదు.

ఆ వెసులుబాటు పోతే ఏం జరుగుతుందో చూడాలంటే సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్‌టీఐని మించిన ఉదాహరణ లేదు. అమెరికాలో 2004 నుంచి 2021 మోడళ్ల దాకా అందులో ఈజే257 అనే 2.5 లీటర్ల టర్బో ఇంజనే వచ్చింది. ఫ్యాక్టరీ శక్తి 300 హార్స్‌పవర్, ఆ తర్వాత కాస్త ఎక్కువ. దాని పిస్టన్లు పోతపోసినవి, గట్టివే గాని పెళుసు. పిస్టన్ చుట్టూ రింగులు కూర్చునే గాడులు ఉంటాయి, గాడికీ గాడికీ మధ్య సన్నటి గట్టు ఉంటుంది. ఒత్తిడి పెరిగి, నిప్పురవ్వ పడకముందో పడ్డాకో మిశ్రమం తనంతట తానే పేలితే, అంటే నాకింగ్ వస్తే, ఆ పోటు తిన్నగా ఆ గట్టు మీదే పడుతుంది. గట్టు చిట్లుతుంది. యజమానికి మొదట కనిపించేది ఆయిల్ తగ్గడం, ఐడిల్‌లో వణుకు. ఒక సిలిండర్‌లో కంప్రెషన్ పడిపోతుంది. విప్పి చూస్తే గోరంత ముక్క ఊడి ఉంటుంది. ఆ గోరంత ముక్కకు కొత్త షార్ట్ బ్లాక్, అంటే పిస్టన్లతో సహా ఇంజన్ కింది భాగమంతా వేయాల్సి వస్తుంది.

చిక్కేమిటంటే, ఏ మార్పూ లేని ఎస్‌టీఐలలోనూ ఇదే గట్టు చిట్లిన సందర్భాలున్నాయి. అంటే ట్యూన్ చేసిన కారులో గట్టు చిట్లితే తప్పు పిస్టన్‌దా, ట్యూన్‌దా? నాకింగ్‌కు ఇంజన్ కంప్యూటర్ స్పందించిన తీరు, ఇంధన మిశ్రమం దిద్దుబాట్లు, ఒత్తిడి లెక్కలు చూసి గానీ ఎవరూ ఖరాఖండిగా చెప్పలేరు. ట్యూన్ ఉన్న కారులో కంపెనీ ఆ శ్రమ పడదు. నష్టం ట్యూన్ వల్లేనంటుంది, చాలాసార్లు ఆ మాటే నెగ్గుతుంది.

దీనికి భిన్నమైన కేసు బీఎండబ్ల్యూ 335ఐది. 2007 మోడల్‌తో అమెరికాకు వచ్చిన ఎన్54 జంట టర్బో ఇంజన్ ట్యూనర్లకు ఎంతో ఇష్టమైనది. అయితే దాని హైప్రెషర్ పెట్రోలు పంపు మార్పులతో నిమిత్తం లేకుండానే పాడయ్యేది. 2010 అక్టోబరులో బీఎండబ్ల్యూ దాదాపు 1,30,000 కార్లను రీకాల్ చేసింది. ఆ పంపు వారంటీని కూడా 10 ఏళ్లు లేదా 1,20,000 మైళ్లకు పెంచింది. కంపెనీయే ఒప్పుకున్న లోపం కళ్లముందు ఉన్నప్పుడు, బయటి గొట్టమో సైలెన్సరో ఉందని పంపు క్లెయిమును తోసిపుచ్చడం ఎవరికీ సాధ్యం కాదు. మార్చిన కారు యజమాని తన మోడల్ మీద వచ్చిన రీకాళ్లు, డీలర్లకు కంపెనీ పంపే సాంకేతిక బులెటిన్లు చదివి ఉండటం లాయరును పెట్టుకోవడం కంటే ముందు చేయాల్సిన పని.

కారే సాక్షి

ఒకప్పుడు సర్వీసుకు వెళ్లే ముందు పాత పార్టులు మళ్లీ బిగించి, పని అయ్యాక కొత్తవి పెట్టుకునేవారు. నేటి కార్లలో ఈ ఎత్తు పారడం కష్టం. ఇంజన్ ప్రోగ్రాంకు క్యాలిబ్రేషన్ వెరిఫికేషన్ నంబర్ అనే గుర్తు ఉంటుంది. ప్రోగ్రాంలో ఒక్క అంకె మారినా ఈ గుర్తు మారుతుంది. ఫ్యాక్టరీ జాబితాతో పోల్చితే విషయం బయటపడుతుంది. చాలా కంప్యూటర్లు తమను ఎన్నిసార్లు తిరగరాశారో కూడా లెక్కపెట్టుకుంటాయి. అసలు ప్రోగ్రాంను తిరిగి ఎక్కించినా ఆ లెక్క వెనక్కి తిరగదు.

ఫోక్స్‌వాగన్, ఆడి డీలర్ల దగ్గర స్కానర్ తగిలించగానే కారులోని సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ సర్వర్‌తో సరిపోల్చే పద్ధతి ఉంది. తేడా కనిపిస్తే కారు చాసిస్ నంబర్ మీద టీడీ1 అనే గుర్తు పడుతుంది. ఆ తర్వాత అమెరికాలో ఏ డీలర్ దగ్గరకు వెళ్లినా ఆ గుర్తు తెరమీద కనిపిస్తుంది, పవర్‌ట్రెయిన్ క్లెయిములకు అడ్డం పడుతుంది. పోర్షాది మరో తీరు. ఇంజన్ ఎన్నిసార్లు అనుమతించిన పరిమితి దాటి తిరిగిందో ఆరు అంచెలుగా విభజించి, చివరిసారి ఇంజన్ ఎన్ని గంటలు నడిచాక జరిగిందో కూడా నమోదు చేస్తుంది. పై అంచెల్లో అంకెలు ఉంటే ఐదో గేరు వేయబోయి పొరపాటున మూడో గేరు వేసిన సంగతి అందరికీ తెలిసిపోతుంది. సెకండ్ హ్యాండ్ పోర్షా కొనేవాళ్లు ఈ రిపోర్టు లేకుండా బేరమాడరు.

కంప్యూటర్‌ను ముట్టకుండా, సెన్సర్ తీగల మధ్య చిన్న పెట్టె పెట్టి అంకెల్ని ఏమార్చే పిగ్గీబ్యాక్ పద్ధతి కూడా ఉంది. పెట్టె తీసేస్తే ఆనవాలు ఉండదని అమ్మేవాళ్లు చెబుతారు. అయితే ఆ పెట్టె ఉన్న కాలంలో పడిన ఫాల్ట్ కోడ్‌లు, ఆ క్షణంలో ఇంజన్ స్థితిని కంప్యూటర్ దాచుకున్న రికార్డులు మాత్రం ఉండిపోవచ్చు.

సర్వీస్ బేలో జరిగేది

డీలర్‌ను కంపెనీ మనిషిగా చూడటంతోనే చాలా గొడవలు ముదురుతాయి. అమెరికాలో డీలర్‌షిప్ వేరే వ్యాపారం. వారంటీ పని డీలర్ తన ఖర్చుతో చేసి, కంపెనీకి బిల్లు పంపుతాడు. కంపెనీ ఆ తర్వాత ఆడిట్ చేస్తుంది. మార్చిన కారుకు కాగితాలు లేకుండా ఇంజన్ మార్చాడని తేలితే ఇచ్చిన డబ్బు వెనక్కి లాక్కుంటుంది. మార్పు కనిపించగానే సర్వీస్ అడ్వైజర్ మొహం మారడానికి చాలాసార్లు కారణం ద్వేషం కాదు, ఆ ఆడిట్ భయం.

పెద్ద క్లెయిమ్ ఎలా నడుస్తుందో చెప్పుకోవాలి. కారు ట్రక్కు మీద వస్తుంది. టెక్నీషియన్ కోడ్‌లు చదివి, కంప్రెషన్ చూసి, ఇంజన్ విప్పాలంటాడు. విప్పడానికి యజమాని సంతకం కావాలి. ఆ కాగితంలో ఒక కీలకమైన వాక్యం ఉంటుంది: కారణం వారంటీ కిందకు రాదని తేలితే విప్పిన కూలి యజమానే ఇవ్వాలి. విప్పిన ఇంజన్ బల్ల మీద ఉండగా కంపెనీ ఫీల్డ్ ఇంజనీరు వచ్చి ఫోటోలు, డేటా చూస్తాడు. నిర్ణయం అతనిది, డీలరుది కాదు. తిరస్కరిస్తే, ముక్కలైన ఇంజన్‌ను బేలోంచి ఖాళీ చేయించాలన్న తొందర డీలర్‌కు ఉంటుంది. ఆ ఒత్తిడిలో యజమాని దేనికైనా ఒప్పుకుంటాడు.

అందుకే నోటిమాట తిరస్కరణను తిరస్కరణగా లెక్కచేయకూడదు. ఏ భాగం, ఏ మార్పు వల్ల, ఎలా చెడిందో రాతపూర్వకంగా అడగాలి. విప్పేటప్పుడు తీసిన ఫోటోలు, స్కాన్ రిపోర్టులు అడిగి తీసుకోవాలి. చెడిన పార్టులను పారేయకుండా తనకు అప్పగించమని రాసివ్వాలి. ఆ పార్టు పోతే తర్వాత స్వతంత్ర ఇంజనీరుకు చూపించడానికి ఏమీ ఉండదు. ఆపైన కంపెనీ కస్టమర్ విభాగం, బీబీబీ ఆటో లైన్ వంటి మధ్యవర్తిత్వం, చిన్న మొత్తాల కోర్టు అనే మెట్లున్నాయి. సకాలంలో ఆయిల్ మార్చిన రసీదులు ఈ మెట్లన్నిటి మీదా పనికొస్తాయి. రసీదులు లేని యజమాని, మార్పు చేయకపోయినా ఓడిపోగలడు.

అబద్ధం చెప్పడం మాత్రం అన్నివిధాలా నష్టం. ట్యూన్ ఉందా అని అడిగితే లేదని సంతకం చేసి, తర్వాత కంప్యూటర్‌లో దొరికితే మోసం అనే మాట వస్తుంది. అప్పటిదాకా సానుభూతితో ఉన్న అడ్వైజర్ కూడా చేతులెత్తేస్తాడు. కారు కొనకముందే మార్పుల గురించి డీలర్‌తో మాట్లాడి పెట్టుకోవడం మేలు. మార్పులను అర్థం చేసుకునే, తామే బిగించే డీలర్లు కూడా ఉన్నారు.

ట్రాక్ మీద

వేగం పేరుతోనే అమ్మిన కారును ట్రాక్ మీదకు తీసుకెళితే వారంటీ ఏమవుతుంది? 2008లో అమెరికాకు వచ్చిన నిస్సాన్ జీటీ-ఆర్ ఈ ప్రశ్నను రచ్చకెక్కించింది. స్థిరత్వ నియంత్రణ వ్యవస్థను ఆపేసి లాంచ్ కంట్రోల్‌తో కారును ఉన్నపళాన దూకించినవాళ్లలో కొందరి గేరుబాక్సులు పోయాయి. ఆ వ్యవస్థ ఆపేసి నడిపితే వచ్చే నష్టానికి పూచీ లేదని పుస్తకంలో రాసి ఉందని నిస్సాన్ అంది. కొత్త గేరుబాక్సు దాదాపు 20 వేల డాలర్లు. మీట కారులోనే ఇచ్చి, నొక్కితే వారంటీ లేదనడం ఏం న్యాయమని యజమానులు మండిపడ్డారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. నిస్సాన్ తర్వాత ఆ సాఫ్ట్‌వేర్‌ను మృదువుగా మార్చింది. జపాన్‌లో అమ్మిన జీటీ-ఆర్‌లో అయితే గంటకు 180 కిలోమీటర్ల పరిమితి, కారు గుర్తింపు పొందిన ట్రాక్ మీద ఉందని జీపీఎస్ గ్రహిస్తేనే తొలగుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు దారి హ్యుందాయ్ ఆస్ట్రేలియాది. పోటీ కాని ట్రాక్ వాడకానికి కూడా ఎన్ అనే పేరుతో అమ్మే తన పెర్ఫార్మెన్స్ కార్ల వారంటీ వర్తిస్తుందని బాహాటంగా ప్రకటించింది. కంపెనీకి తన ఇంజనీరింగ్ మీద నమ్మకం ఉంటే వారంటీ పుస్తకం ఇలా ఉంటుంది.

కంపెనీ అండతో మార్పులు

శక్తి కావాలి, పూచీ కూడా కావాలి అనేవాళ్ల కోసం మధ్యేమార్గం ఉంది. స్టీవ్ డైనన్ 1979లో కాలిఫోర్నియాలో పెట్టిన డైనన్ కంపెనీ బీఎండబ్ల్యూ పార్టులను బీఎండబ్ల్యూ డీలర్ల ద్వారానే అమ్ముతూ, వాటివల్ల నష్టం వస్తే తానే భరిస్తానని ఫ్యాక్టరీ వారంటీకి సమానమైన పూచీ ఇచ్చింది. ఫోర్డ్ పెర్ఫార్మెన్స్ మస్టాంగ్‌లకు శక్తి పెంచే కిట్లను తన పేరుతోనే అమ్ముతుంది. డాడ్జ్ 2022లో డైరెక్ట్ కనెక్షన్ అనే పాత పేరును మళ్లీ బయటికి తెచ్చింది. వీటిలో అదనపు శక్తి తక్కువ, ధర ఎక్కువ. అయితే ఇంజన్ పోతే ఫోన్ చేయడానికి ఒక నంబరు ఉంటుంది. ఇలాంటి కిట్ కొనేటప్పుడు ఒక సంగతి గమనించాలి: చాలాసార్లు పూచీ ఇచ్చేది కార్ల కంపెనీ కాదు, కిట్ కంపెనీ. వారంటీ కాలం, ఎవరు బిగించాలి అనే షరతులు చదవకుండా డబ్బు కట్టకూడదు.

పొగ చట్టాల మెలిక

క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసే డౌన్‌పైపుల విషయంలో వారంటీ చిన్న సమస్య. అమెరికా క్లీన్ ఎయిర్ చట్టం ప్రకారం పొగ నియంత్రణ పరికరాలను తొలగించడం, వాటిని ఏమార్చే పరికరాలు అమ్మడం చట్టవిరుద్ధం. అంతకుముందు దశాబ్దంలో 5,50,000కు పైగా డీజిల్ పికప్ ట్రక్కులలో ఇలా తొలగించారని పర్యావరణ సంస్థ ఈపీఏ 2020 నవంబరులో లెక్కగట్టింది. ఆ పొగ పీల్చేది రోడ్డు పక్కన ఉండేవాళ్లే. వేగం మీద ఎంత మోజు ఉన్నా ఈ ఒక్క మార్పును సమర్థించలేం. కాలిఫోర్నియాలో పొగ మీద ప్రభావం చూపే పార్టుకు ఆమోదంగా ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబర్ ఉండాలి. 2021 జూలై నుంచి అక్కడి పొగ పరీక్షలో ఇంజన్ సాఫ్ట్‌వేర్‌ను కూడా చూస్తున్నారు.

అమెరికా దాటి చూస్తే, యూరప్‌లో బయటి గ్యారేజీలో సర్వీసు చేయించినంత మాత్రాన వారంటీ తీసేయకూడదని పోటీ నిబంధనలు చెబుతాయి. జర్మనీలో పార్టుకు ఆమోద పత్రం లేకపోతే వారంటీ మాట దేవుడెరుగు, కారు రోడ్డెక్కే అర్హతే పోవచ్చు.

భారతదేశంలో, తెలుగు రాష్ట్రాల్లో

ఇక్కడ పరిస్థితి తలకిందులు. వారంటీ కంటే ముందు మోటారు వాహనాల చట్టమే అడ్డొస్తుంది. 1988 నాటి చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడాపడేలా వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ రెండూ గానీ వేసే వీలు వచ్చింది. విశాఖపట్నంలో, హైదరాబాద్‌లో పోలీసులు మోత సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించిన దృశ్యాలు పత్రికలు చదివేవారికి కొత్త కాదు.

మాగ్నసన్-మాస్ వంటి చట్టం మనకు లేదు. అయితే చేతులు ఖాళీగా లేవు. కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు బయటి మెకానిక్‌లకు దొరక్కుండా చేయడం, బయట పని చేయిస్తే వారంటీ మొత్తం రద్దు అనడం పోటీ చట్టానికి విరుద్ధమంది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. జరిమానా సంగతి ఎలా ఉన్నా, బయటి పని వల్లే నష్టం జరిగితే తప్ప వారంటీని కాదనకూడదన్న ఆ తర్కం అమెరికా చట్టానికి దగ్గరి చుట్టం. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లే దారీ ఉంది.

మన దగ్గర రీమ్యాప్ మోజుకు ఊపు తెచ్చిన కార్లలో ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐ ఒకటి. 2013లో వచ్చిన దాని 1.2 లీటర్ ఇంజన్ టార్క్ 175 న్యూటన్ మీటర్లు. దాని డీక్యూ200 గేరుబాక్సులో ఆయిల్‌లో మునగని పొడి క్లచ్‌లు రెండు ఉంటాయి. ఆ గేరుబాక్సు మోయగలిగే పరిమితి 250 న్యూటన్ మీటర్లు. రీమ్యాప్ చేస్తే టార్క్ ఆ అంకె వైపు జరుగుతుంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో అడుగడుగునా పాకించే కారులో పొడి క్లచ్‌లు అసలే వేడెక్కుతాయి, అదనపు టార్క్ దానికి తోడవుతుంది. అయితే మార్పేమీ లేని కార్లలోనూ ఈ గేరుబాక్సును నడిపించే మెకట్రానిక్ యూనిట్లు పోవడం తెలిసిందే. క్లచ్ అరిగితే రీమ్యాప్‌ను అనుమానించవచ్చు. మెకట్రానిక్ పోతే మాత్రం రీమ్యాప్‌కు అంటగట్టే ముందు డీలర్ కారణం చూపాలి.

మన సర్వీస్ సెంటర్లలో ఇంతకంటే తరచుగా వచ్చే గొడవ చాలా చిన్నదానితో మొదలవుతుంది. రోడ్డు పక్క షాపులో హెడ్‌లైట్ బల్బులో, హారనో వేయించేటప్పుడు ఫ్యాక్టరీ వైరు కోసి టేపు చుట్టి కలుపుతారు. తర్వాత ఏ ఎలక్ట్రికల్ సమస్య వచ్చినా అడ్వైజర్ ముందు ఆ టేపునే చూపిస్తాడు. వైరు కోయకుండా రిలే, కప్లర్‌తో బిగించే కిట్ అదే షాపులో కొంచెం ఎక్కువకు దొరుకుతుంది. మార్పుల సంగతి బీమా కంపెనీకి చెప్పకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడటం మరో సమస్య.

సెకండ్ హ్యాండ్, లీజు, అదనపు కాంట్రాక్టులు

మళ్లీ అమెరికాకు వస్తే, డాలస్, న్యూజెర్సీ, బే ఏరియాల్లో మన తెలుగు కుర్రాళ్లు చదువు ముగించి ఉద్యోగంలో చేరగానే కొనే మస్టాంగ్, గోల్ఫ్ జీటీఐ, 3 సిరీస్‌లలో చాలావరకు ఒకటి రెండు చేతులు మారినవే. వారంటీ మిగిలి ఉందని అమ్మేవాడు చెప్పినా, పాత యజమాని చేసిన ట్యూన్ ఆనవాలు కొత్త యజమానికే తగులుతుంది. డబ్బు ఇచ్చే ముందు చాసిస్ నంబరు పట్టుకుని ఆ బ్రాండు డీలర్ దగ్గర వారంటీ రికార్డు, అందులో ఏవైనా అడ్డంకులు ఉన్నాయేమో అడగాలి. ఫోక్స్‌వాగన్, ఆడి అయితే టీడీ1 అని పేరు పెట్టి అడగాలి. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సాధారణ కార్లకు భద్రతా తనిఖీ ఎత్తేశారు గానీ, డాలస్, కాలిన్, డెంటన్ వంటి కౌంటీలలో పొగ పరీక్ష అలాగే ఉంది. క్యాటలిటిక్ కన్వర్టర్ లేని కారు చౌకగా దొరికిందని కొంటే రిజిస్ట్రేషన్ రెన్యువల్ దగ్గర ఆగిపోతుంది.

లీజుకు తీసుకున్న కారు యజమాని లీజు కంపెనీయే. తిరిగి ఇచ్చేటప్పుడు కారు అసలు స్థితిలో ఉండాలని ఒప్పందంలో ఉంటుంది. ఫ్యాక్టరీ వారంటీ ముగిశాక ఫైనాన్స్ గదిలో అమ్మే ఎక్స్‌టెండెడ్ వారంటీలు చాలావరకు వారంటీలు కావు, సర్వీస్ కాంట్రాక్టులు. మార్చిన వాహనాలకు అసలు వర్తించదనే వాక్యం వాటిలో తరచుగా ఉంటుంది. అది ఎక్కువగా మినహాయింపుల పేజీలోనే ఉంటుంది కాబట్టి సంతకానికి ముందు ఆ పేజీని అడిగి చదవాలి.